వీపు పిట్టది, తొడ మనది

మ్యూజియం, పక్షుల విభాగం
ఫిబ్రవరి 11

ప్రియమైన మరదలికి,

నీ ఉత్తరమూ వెన్న డబ్బా చేరాయి. వెన్న ఇక్కడి వాళ్లందరూ పంచుకున్నారు. ఉత్తరం మాత్రం నేనొక్కదాన్నే దాచుకున్నాను. "పదకొండేళ్లుగా ఆ పిట్టల బొమికలు ముందేసుకుని ఏం తేల్చారు వదినా?" అని అడిగావు. నువ్వు ఎగతాళికే అడిగి ఉంటావు. ఆ ప్రశ్న మాత్రం వారం రోజులుగా నాతోపాటే భోజనానికి కూర్చుంటోంది.

తేల్చింది ఏమీ లేదు గాని, నిన్న చూసింది చెబుతాను. కింది అంతస్తు గదిలో ఒక చెక్కపెట్టె ఉంది. నేను పుట్టకముందు ఎవరో ఒక మట్టిగొయ్యి తవ్వి తెచ్చిన ఎముకలు అందులో ఉన్నాయి. పెద్ద ఎముకలు కడిగి, ఆరబెట్టి, చీటీలు కట్టారు. చిన్నవన్నీ ఒక డబ్బాలో పోసి పైన 'ఇతరాలు' అని రాసి వదిలేశారు. ఆ ఇతరాల్లో ఒక రెక్క ఎముక దొరికింది. అరచేతిలో పెట్టుకుంటే ఉందో లేదో తెలియనంత తేలిక. మీరు పొడుగుతోక అనే పిట్టది. మా రిజిస్టర్లలో మ్యాగ్‌పై. కాకికి దాయాది, నలుపూ తెలుపూ, ఎండ పడితే రెక్కలో నీలం. అదే మట్టిపొరలో, జానెడు దూరంలో, ఒక అడవి ఎద్దు పక్కటెముక. ఆ ఎద్దు జాతి ఇప్పుడు భూమ్మీద లేదు. పిట్ట ఉంది.

మన ఇంటి వెనక వాలు చూస్తుంటే గడ్డి ఎప్పుడూ ఉన్నదే అనిపిస్తుంది కదా. కాదమ్మా. ఒకప్పుడు ఇంత గడ్డి లేదు. అడవులు వెనక్కి తగ్గి, నేల ఆరి, గడ్డి పాకింది. గడ్డి వెంట దాన్ని నమిలే జంతువులు వచ్చాయి. వాటి పళ్లు తరతరానికీ పొడుగయ్యాయి, ఎందుకంటే గడ్డి పళ్లని ఆకురాయిలా అరగదీస్తుంది. ఆ మందలు తొక్కిన నేల మీద పురుగులు, పేడలో పురుగులు, వీపుల మీద పిడుదులు. వాటన్నిటి వెనక నడుచుకుంటూ ఈ పిట్ట. నడుచుకుంటూ అనే రాస్తున్నాను. కాకి జాతిలో ఇంత సోకుగా నడిచేది ఇంకొకటి లేదు. పొట్టిగా మేసిన గడ్డి లేకపోతే ఆ నడకకి చోటేది? మంద మేసి వదిలిన నేల మీదే ఈ పిట్ట పిట్ట అయిందని నా అనుమానం. ఆవు వీపుకి ఎంత చరిత్ర ఉందో ఆ ముక్కుకీ అంతే ఉందని.

అనుమానమే. ఒకే గోతిలో దొరికాయంటే ఒకే గోతిలో చచ్చాయని మాత్రమే అర్థం. ఒక బస్సులో పక్కపక్కన కూర్చున్న ఇద్దరినీ మొగుడూ పెళ్లాలనలేం.

అందుకే నీతో పని పడింది. బతికున్న మందనీ బతికున్న పిట్టలనీ రోజూ చూసేదానివి నువ్వు. కిందటేడు రంగుతో నంబర్లు వేశాం, మొదటి వానకే కారిపోయాయి. ఈసారి నలభై ఆవుల్లో పెద్దవి ఇరవైకి ఇనప నంబర్లతో వాతలు పెట్టించగలవా? మీరు ఎలాగూ ఏటా గుర్తు వాత వేస్తారు కదా. కాకపోతే తొడ మీద కాదు, వీపు మీద. నువ్వు గడ్డి అటక కిటికీలోంచి చూస్తే తొడలు కనబడవు, వీపులే కనబడతాయి. పొద్దున ఒక గంట, ఏ ఆవు మీద ఎన్నిసార్లు పిట్ట వాలిందో గీతలు గీస్తే చాలు. నంబరు లేనివన్నీ ఒకే వరసలో.

తమ్ముడికి నా ముద్దులు. వాడికి నోట్లో నాలుక మొలిచిందా?

మీ వదిన

*

కొండవాలు, పాలగది
ఫిబ్రవరి 27

వదిన గారికి నమస్కారాలు.

మీ తమ్ముడికి నాలుక మొలవలేదు. మొలిస్తే పాల వ్యానులో పంపిస్తాను, మీ మ్యూజియంలో పెట్టుకోండి. ఇక్కడ ఫోను పలకదు, ఆయన పలకరు, నాకు మీ ఉత్తరాలే దిక్కు.

వాతలు పెట్టేశాం. ఇరవైకి ఇరవై. చేతులకి తొడ అలవాటు కదా, వీపు మీద అనేసరికి ఆయన ఇనుము పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డారు. "ఏమిటి, నంబరు మర్చిపోయారా?" అన్నాను. "అక్క అడిగింది కదా," అన్నారు. ఈ నెలంతా ఆయన మాట్లాడింది అదే అనుకుంటా. నాకూ ఏదో అనిపించింది గాని, చదువుకున్నవాళ్లు ఊరికే చెప్పరు కదా అనుకున్నాను.

అటక మీద కూర్చుని గీతలు గీస్తుంటే పక్కింటావిడ అడిగింది, "ఏంటమ్మా, పొద్దున్నే కిటికీలో పెళ్లికూతురిలా?" అని. "మా ఆడపడుచు పిట్టలకి హాజరు వేయమంది," అన్నాను. అప్పటినుంచి నన్ను చూస్తే "పంతులమ్మా, ఇవాళ ఎందరు రాలేదు?" అంటోంది. మీ పుణ్యం.

ఇన్నేళ్లూ వీటి మధ్యే తిరిగాను గాని ఇలా కూర్చుని చూడలేదు వదినా. పిట్ట ముందు ఆవు చుట్టూ ఒక చుట్టు నడుస్తుంది, సంతలో బేరగాడిలా. తర్వాత తోక మొదట్లో ఎక్కుతుంది, వెన్ను మీదుగా మెడదాకా పోతుంది. పదకొండో నంబరు ఆవైతే కాలు ఎడంగా పెట్టి తొడసందు చూపిస్తుంది. సిగ్గులేనిది! ఒక పిట్ట మూడు పిడుదులు తెంపి రెండు మింగి, మూడోదాన్ని ఎండుపేడ కింద దాచి పైన గడ్డిపరక కప్పింది. నేను వెళ్లి తీసి చూశాను. అది ఇంకా బతికే ఉంది. అంటే మనకి మేలు చేస్తోందా, పిడుదుల్ని పెంచుతోందా? మీ పుస్తకాల్లో ఏముందో రాయండి.

గీతల కాగితం దీంతోనే పంపుతున్నాను. ప్రతి వారం పంపుతాను.

మీ మరదలు

*

మ్యూజియం, పక్షుల విభాగం
ఏప్రిల్ 20

బంగారుతల్లీ,

నీ ఎనిమిది వారాల గీతలూ బల్ల మీద పరిచి కూర్చున్నాను. లెక్క తప్పిందేమోనని నాలుగుసార్లు కూడి చూశాను. తప్పలేదు. నంబరున్న ఆవుల మీద పిట్టలు, నంబరు లేనివాటి మీదకంటే మూడింతలు వాలాయి. వారాలు గడిచే కొద్దీ తేడా పెరిగింది.

ఏమిటి దీని అర్థం? నంబర్లు వేయించింది పెద్ద ఆవులకి. ఆరేళ్లవి, పదేళ్లవి. అంటే పిట్టలు ఏ వీపైతే ఏమిటని వాలడం లేదు. పాత వీపుల్ని గుర్తుపట్టి వాటి దగ్గరికే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఈ సంగతి తోచినప్పుడు కుర్చీలో కూర్చోలేకపోయాను. లేచి కిటికీ దాకా వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ వెళ్లాను. నాకు కనిపించింది ఇద్దరి పరిచయం కాదు, లక్షల ఏళ్ల పరిచయం. ఏదో ఒక చల్లటి పొద్దున మొదటిసారి ఒక ముక్కు ఒక తోలుని తాకింది. జంతువు ఒళ్లు దులపరించలేదు. ఆ దులపరించకపోవడం దూడకి వచ్చింది, దూడ దూడకి వచ్చింది. ఇటు గూళ్లలో పిల్లలకి పెద్ద వీపు అంటే భయం పోయింది. ఇన్ని వేల తరాలు దాటి ఆ పొద్దు మీ ఇంటి వెనక వాలులో ఇంకా తెల్లవారుతూనే ఉంది. నువ్వు అటక మీంచి దాన్ని చూస్తున్నావు.

పిడుదుని దాచే సంగతి నిజమే, ఇంకా కొందరు చూశారు. దాన్ని పాదసూచికలో పెట్టాను. మిగిలినదంతా వ్యాసంగా రాశాను, సంగతి చెబితే పత్రిక వాళ్లు ఫోనులోనే ఒప్పుకున్నారు. నన్ను నేను ఎప్పుడూ నమ్మనిదాన్ని, ఈ ఒక్కసారికి నమ్మాలనుంది. కృతజ్ఞతల్లో నీ గురించి 'అటక మీది పరిశీలకురాలు' అని రాశాను. నవ్వకు.

వదిన

*

కొండవాలు, పాలగది
మే 9

వదినా,

గీతల కాగితం ఈ వారం లేదు. మూడో నంబరు పోయింది.

మీకు తెలిసిన ఆవే. మీరు వచ్చినప్పుడు మీ చేతిసంచీ నమిలింది. వీపు మీద పుండు పడింది. పిట్టలు దాన్ని మాననివ్వలేదు. పొక్కు కట్టడం, పిట్ట వాలి పీకడం, మళ్లీ కట్టడం, మళ్లీ పీకడం. పురుగు పట్టింది, జ్వరం వచ్చింది. పశువుల డాక్టరు రెండుసార్లు వచ్చాడు. నిన్న పొద్దున పాకలో లేవలేదు. ఆయన దాని పక్కనే మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. నేను పిలవలేదు.

ఇంకా పుండ్లున్నవి ఉన్నాయి. వాలు మీద తొమ్మిది కుటుంబాల మందలూ కలిసే మేస్తాయి కదా, అందరూ చూస్తున్నారు. పాడి రైతుల సంఘం కూర్చుంది. సంఘం పెద్దాయన ఏమన్నాడంటే, "ఇవాళ వాళ్ల ఆవు, రేపు నా ఆవు. నెత్తురు రుచి మరిగిన ముక్కు గడ్డి తినదు." మాంసం ముక్కల్లో గుళికల మందు పెట్టి ముళ్లపొదల చుట్టూ చల్లుతారట. గూళ్లన్నీ ఆ పొదల్లోనే, పొదలేమో మా కంచెలోపల. అందుకని మా సంతకం కావాలన్నారు. జూన్ ఒకటో తారీఖు గడువు. గూళ్లలో ఇప్పుడు పిల్లలున్నాయి, వాటిని వేరే చంపక్కర్లేదట, తల్లులు పోతే అవే పోతాయట.

ఆయన కాగితం నా ముందు పెట్టి పాలు పితకడానికి వెళ్లిపోయారు. అంటే నన్ను తేల్చమని.

పదకొండేళ్లుగా మీరు ఆ పిట్టతోనే ఉన్నారు. ఒక్క మాట చెప్పండి చాలు. అది మంచిదా, చెడ్డదా?

మరదలు

*

మ్యూజియం, పక్షుల విభాగం
మే 16

ప్రియమైన మరదలికి,

మూడో నంబరు పోయిందని చదివి, నా చేతిసంచీ తీసి అది నమిలిన చోట చూసుకున్నాను. తమ్ముడు ఎలా ఉన్నాడు? వాడు ఏడవడు, అదే నా భయం.

ఒక్క మాట అడిగావు. నిజంగా చెప్పలేకపోతున్నానమ్మా. పిట్ట మంచి చేయాలని ఆవు ఎక్కదు, చెడు చేయాలనీ ఎక్కదు. తిండి కోసం ఎక్కుతుంది. ఇన్ని లక్షల ఏళ్లు కలిసి బతికినవాళ్ల మధ్య స్నేహం ఉండాలని మనం అనుకుంటాం. ఒక్కోసారి ఉన్నది సర్దుబాటే. అందులో నాకు కనిపించే అద్భుతం తగ్గదు, ఇంకా పెరుగుతుంది. ఎవరూ ఎవరికీ మాట ఇవ్వకుండా, ఎవరూ ఎవరినీ ప్రేమించకుండా ఇంత పెద్ద కాపురం ఎలా సాగిందా అని. ఆలోచించు, పిడుదు అంటే ఏమిటి? కాళ్లున్న నెత్తురు బొట్టు. పుండు అంటే కాళ్లు లేని నెత్తురు బొట్టు. ముక్కుకి రెండూ ఒకటే.

ఇలాంటివి ఇంకా ఇతర దేశాల్లోనూ చూశారు, కొన్ని నివేదికలున్నాయి, వాటి మీద భిన్నాభిప్రాయాలున్నాయి. కొన్ని చోట్ల పిట్టల్ని చంపాక పిడుదులు పెరిగాయంటారు, కొన్ని చోట్ల ఏ తేడా లేదంటారు. తొందరపడి సంతకం పెట్టవద్దని మాత్రం చెప్పగలను. ఇంకో రెండు మూడు నెలల గీతలుంటే ఏదైనా తేలవచ్చు. సంఘంవాళ్లని కాస్త ఆగమని అడుగు.

వ్యాసం అచ్చుప్రతి వచ్చింది, సరిచూడడానికి. ఈ వారమే తిప్పి పంపాలి.

వదిన

*

కొండవాలు, పాలగది
మే 21

వదినా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదనుకున్నాను. రెండోసారి, అర్థం చేసుకోవడానికి అందులో ఏమీ లేదని అర్థమైంది. ఆవు చచ్చిందండీ అంటే ఇతర దేశాల్లో నివేదికలున్నాయంటారేమిటి?

కోపంగానే రాస్తున్నాను. తిట్టదలచుకుంటే తిట్టండి.

నిన్న ఆయనా నేనూ మందనంతా కట్టేసి ఒక్కొక్క వీపూ తడిమి చూశాం. మిగిలిన నంబర్ల ఆవులు పంతొమ్మిది. పద్నాలుగింటికి పుండ్లు. నంబరు లేనివి ఇరవై. ఒక్కదానికి గోరంత పుండు లేదు. మిగతా ఎనిమిది కుటుంబాల మందలూ చూసొచ్చాం. వాళ్లంతా వాత తొడ మీదే వేస్తారు. ఒక్క పుండు లేదు. పుండ్లున్నది వాతల మీదే. తొమ్మిదో నంబరు ఆవుకైతే పుండు తొమ్మిది ఆకారంలోనే ఉంది.

పిట్ట తొడ మీద నిలబడలేదు, జారిపోతుంది. వీపు మీద నిలబడుతుంది. మనం కాలిన తోలు తీసుకెళ్లి సరిగ్గా దాని కాళ్ల కింద పరిచాం.

ఇంకో సంగతి. ఇది మూడు నెలల కిందటే రాయాల్సింది. మీ అమ్మగారు, మా అత్తయ్య, నేను కాపురానికి వచ్చిన మొదటి ఏడాది వాత ఇనుము నా చేతికిస్తూ ఏం చెప్పారో తెలుసా? "వీపు పిట్టది, తొడ మనది. ఎవరిచోట వాళ్లు రాసుకోవాలి." ఎందుకని అడిగితే, "మా అత్తగారు చెప్పింది, నేను అడగలేదు, నువ్వూ అడక్కు," అన్నారు. మీ తమ్ముడి చెయ్యి ఆ రోజు ఆగింది అందుకే. నాకు అనిపించిన ఏదో కూడా అదే. పెద్ద చదువుల వదినకి ముసలమ్మ సామెత రాస్తే నవ్వుతారని నోరు మూసుకున్నాను. నా పాపం నాది. మూడో నంబరుకి నేనే జవాబుదారుని.

మీది మీరు చూసుకోండి. మూడింతలు వాలాయని మీరు కిటికీ దాకా వెళ్లొచ్చారే, అవి పాత స్నేహితుల్ని గుర్తుపట్టి వచ్చాయా, పొక్కులు చూసి వచ్చాయా? నేను చదువుకోనిదాన్ని. మీరే చెప్పండి.

ఇరవై ఎనిమిదిన సంఘం మళ్లీ కూర్చుంటుంది. ఈ మాట నేను చెబితే, "ఆడపడుచు ముద్దుచేసే పిట్టల్ని కాపాడడానికి ఈవిడ కథ అల్లింది," అంటారు. మీరు చెబితే వింటారు. నోరు విప్పుతారా, లేదా?

మరదలు

*

మ్యూజియం, పక్షుల విభాగం
మే 24

అమ్మా,

విప్పుతాను.

ముందు నీకొక నిజం చెప్పాలి. కిందటి ఉత్తరంలో పిడుదు గురించీ పుండు గురించీ ఒక వాక్యం రాశాను, ముక్కుకి రెండూ ఒకటే అని. ఆ వాక్యం రాస్తున్నప్పుడే నాకు తెలిసింది. వాతలు, పొక్కులు, మూడింతలు, అన్నీ ఒకేసారి. కలం పక్కన పెట్టి మంచినీళ్లు తాగొచ్చి, ఇతర దేశాల సంగతి మొదలుపెట్టాను. అచ్చుప్రతి బల్ల మీద ఉంది. పదకొండేళ్ల మీద మొదటిసారి నా పేరు మీద ఒక గట్టి మాట. నాలుగు రోజులు దాని వంక చూస్తూ కూర్చున్నాను. ఇంత అనుమానపు మనిషిని, అనుమానపడాల్సిన చోట మాత్రం పడలేదు. వాపుని చూసి బలుపనుకున్నాను. అది తెలిశాక కూడా వాపుని తడుముకుంటూ కూర్చున్నాను. రెండోదానికే ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

అమ్మ ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు. నేను ఇనుము పట్టలేదుగా, పుస్తకం పట్టాను. నీ ఉత్తరంలో ఆ మాట చదివి కింది గదికి వెళ్లాను. ఆ చెక్కపెట్టె తెరవలేదు, దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ఎముకల్లో ఆ కాపురం కోసం వెతికాను. అదేమో మా అమ్మ నోట్లో ఉంది, ఆమె అత్తగారి నోట్లో ఉంది. ఎప్పుడో ఎవరో వీపు మీద వాత పెట్టి, ఆవుని పోగొట్టుకుని, పిట్టని చంపకుండా చేతినే పక్కకి జరుపుకున్నారు. ఆ ఒక్క జానెడు జరుపు ఎంత గొప్పదో చూడు. గడ్డి, మంద, పిట్ట అంతకాలంగా సర్దుకున్న చోట మనిషి వచ్చి, తనూ కాస్త సర్దుకుని కూర్చున్నాడు. ఆ సర్దుబాటుని ఒక ఉత్తరంతో చెడగొట్టింది నేను.

దీంతో రెండు కాగితాలు పంపుతున్నాను. ఒకటి పత్రికకి రాసినదాని నకలు: లెక్కలు తప్పుదారి పట్టాయి, వాతల పుండ్ల వల్లే పిట్టలు ఎక్కువ వాలాయి, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నాను. అసలు నిన్ననే పోస్టులో వేశాను, మనసు మారకముందే. రెండోది సంఘానికి. అందులో సిద్ధాంతాలేమీ లేవు. తప్పు ఎవరిదో, ఎక్కడ జరిగిందో మాత్రం ఉంది. మందలుగా మేసిన పాత అడవి ఎద్దుల గురించి ఒక పేరా రాసి కొట్టేశాను.

వింటారో లేదో తెలియదు. నేను వాళ్ల చోట ఉంటే నా ఉత్తరాన్ని నమ్ముతానా? ఏమో. గట్టిగా చదివించు. నా పేరు వచ్చిన చోట గొంతు తగ్గించవద్దు.

వదిన

*

కొండవాలు, పాలగది
జూన్ 9

వదినా,

వ్యాను రెండు ట్రిప్పులు తప్పింది, దారి కొట్టుకుపోయింది. అందుకే ఆలస్యం. ముందు సంగతి చెప్పేస్తాను: మందు పెట్టరు. సంతకం కాగితం చింపేశాను.

అంత తేలిగ్గా అయిందనుకోకండి. సంఘం గదిలో మీ ఉత్తరం నేను చదవబోతే పెద్దాయన, "నువ్వు కాదు, మొగుణ్ణి చదవమను," అన్నాడు. అందరూ నవ్వారు, ఆయన నోరు విప్పి ఎన్నేళ్లయిందని. మీ తమ్ముడు లేచి చదివారు వదినా! మొదటి అక్షరం నుంచి ఆఖరి అక్షరం దాకా. 'ఈ పుండ్లకి కారణం పిట్ట ముక్కు కాదు, నా కలం' అన్న చోట మాత్రం ఆగి, ఆ వాక్యాన్నే మొదటినుంచి ఇంకోసారి చదివారు. మీరు గొంతు తగ్గించవద్దన్నారు, ఆయన తగ్గించలేదు.

పశువుల డాక్టరు, "నేను చూసిన పుండ్లన్నీ నంబర్ల మీదే, నాకే తట్టలేదు," అన్నాడు. పక్కింటావిడ అందుకుంది: "పులిని చూసి నక్క వాత పెట్టుకుందని విన్నాం గాని, పిట్టని చూడ్డానికి ఆవుకి వాత పెట్టించిన మనిషిని ఇప్పుడే చూస్తున్నాం!" పెద్దాయన నవ్వలేదు. "మరి ముక్కు నెత్తురు మరిగింది కదా, అదెలా పోతుంది?" అన్నాడు. వెనక బల్ల మీది ముసలాయన, మెడగంటలు చేసేవాడు, లేచి అడిగాడు: "పుండు మానితే ఏం తాగుద్దయ్యా? మానేదాకా మూసి ఉంచండి. మీ తాతలు తొడ మీద వేసుకుంది దేనికనుకున్నారు, అందానికా?" తర్వాత చేతులెత్తమన్నారు. తొమ్మిది కుటుంబాల్లో మందు వద్దని ఐదు చేతులు. ఒక్క చెయ్యి అటు పోయి ఉంటే మేం సంతకం పెట్టక తప్పేది కాదు, గూళ్లు పోయేవి. ఐదోది ఎవరిదనుకున్నారు? పెద్దాయనదే. కొంచెం ఆలస్యంగా, చెవి గోక్కోబోతున్నట్టు ఎత్తాడు.

ఒక షరతు పెట్టాడు. పుండ్లు మానేదాకా వాటికి తారుగుడ్డ అతికించి రోజూ మార్చాలి, ఆ పని వాత రాయించిన మనిషే వచ్చి చేయాలి. సంఘం పుస్తకంలో రాసుకున్నారు. కాబట్టి మీరు వస్తున్నారు, అందాకా మేమే అతికిస్తున్నాం. పెద్ద పుస్తకాలు తేవద్దు. పాత చీరలు తెచ్చుకోండి, తారు వదలదు. వ్యాసం పోయినందుకు ఓదార్పు మాటలు నాకు చేతకావు. మంచం వేసి ఉంచాను.

మొన్న పొద్దున జరిగింది మాత్రం మీరు వచ్చేదాకా ఆగలేక రాస్తున్నాను.

పదకొండో నంబరు ఈనింది. వాలు మీదే, కంచె పక్కన. నేను వెళ్లేసరికి దూడ లేచి నిలబడడం నేర్చుకుంటోంది. ఒక కాలు లేస్తే ఇంకో కాలు పడుతోంది. మాయ ఇంకా గడ్డి మీదే ఉంది. పొదల్లోంచి పొడుగుతోక దిగింది. వదినా, నేను సంఘంలో చెయ్యెత్తినదాన్నే. ఐనా నా చేతిలో కర్ర ఉంది, దాన్ని గట్టిగా పట్టుకున్నాను. దూడ బొడ్డు తడిగా ఉంది, కళ్లు తడిగా ఉన్నాయి. అటు ఒక్క అడుగు వేస్తే కొట్టేసేదాన్నే. నిజం చెబుతున్నాను.

పిట్ట మాయలోంచి ఒక ముక్క తెంపుకుని మింగింది. మెల్లగా నడిచి ఆవు తోక మొదట్లో ఎక్కింది. తారుగుడ్డ దగ్గర ఒక్క క్షణం ఆగి, దాన్ని ఒకసారి పొడిచి, ముక్కు విదిలించుకుంది. చేదు కాబోలు. దాని పక్కనుంచి మెడ మీదికి పోయింది. ఆవు తల వంచి, చెవి కిందికి వాల్చి, చెవి లోపలి భాగం దానికి చూపించింది. పిట్ట అందులో ముక్కు పెట్టి పిడుదు తీస్తుంటే ఆవు రెప్పలు వాలిపోయాయి.

అప్పుడు దూడ తల్లి పొట్ట కింద నిలబడి పైకి చూసింది. పుట్టి గంట కాలేదు. పాలే ఇంకా తాగలేదు. పిట్ట దాని నెత్తి మీదికి దిగింది. నేను ముందుకి అడుగేశాను. దూడ దులపరించలేదు, అరవలేదు. నాలుగు కాళ్లూ వణుకుతున్నా కదలకుండా నిలబడి, తల పక్కకి వంచి, ఇంకా తడి ఆరని చిన్న చెవిని మెల్లగా కిందికి వాల్చింది.

తల్లిని చూసి నేర్చుకుందో, పుట్టుకతోనే తెచ్చుకుందో నాకు తెలియదు. మీకూ తెలియకపోవచ్చు. పిట్ట ఆ చెవిలోకి తొంగి చూసింది. అక్కడ దానికి ఇంకా ఏమీ లేదు. కాసేపు చూసి ఎగిరిపోయింది. దూడ చెవి అలాగే వాల్చుకుని ఎంతసేపు నిలబడిందో చెప్పలేను. పాలగదిలోంచి ఆయన పిలుస్తున్నారు, మాటలతో, నా పేరు పెట్టి. నేను మాత్రం అక్కడినుంచి కదల్లేకపోయాను.

మీ మరదలు